ఆప్తవాక్య మేది?

వారానికి ఒక పర్యాయం మన ప్రభుత్వ పాఠశాలలలో మధ్యాహ్న భోజనం ముగిసిన తరువాత ఒక చిన్న కార్యక్రమం జరుగుతుంది. నీలిరంగు మాత్రల అట్టలు తీసుకొని ఉపాధ్యాయుడో, ఉపాధ్యాయినియో తరగతిలోకి వస్తారు. పిల్లలు వరుసగా వచ్చి తలా ఒక మాత్ర తీసుకొని, వారి కన్నుల యెదుటనే మంచినీళ్లతో మింగి వెళ్లవలెను. ఆ మాత్రలోని మందులు రెండే: ఇనుము, ఫోలిక్ ఆమ్లం. చూడబోతే ఇంతకంటె సులభమైన పని వేరొకటి లేదు. కాని ఆ పని చేసినవారిని అడిగితే అందులోని కష్టం తెలుస్తుంది. ఒక బాలిక మాత్రను నాలుక క్రింద దాచుకొని, బయటికి వెళ్లి ఉమ్మివేస్తుంది. మరొక బాలిక, "టీచరుగారూ, మా అమ్మమ్మ వద్దన్నదండీ. ఆడపిల్లలు ఇవి మింగితే పెళ్లయిన తరువాత పిల్లలు పుట్టరట" అంటుంది. వెనుక బల్లమీది కుర్రవాడు, "అది ఆడపిల్లల మందండీ, మాకెందుకు?" అంటాడు. ఇంకొకడు, పోయినవారం మాత్ర మింగితే మలం నల్లబడినదనీ, రక్తం చెడిపోయిన గుర్తు అదేనని ఇంటి ప్రక్కవారు చెప్పినారనీ భయపడుతూ విన్నవిస్తాడు.

వీరికి ఏమి సమాధానం చెప్పవలెను? "ప్రభుత్వం ఇమ్మన్నది, మింగండి" అనడం ఆజ్ఞ అవుతుంది గాని సమాధానం కాదు. "నేను చెబుతున్నాను గదా" అంటే, "మా అమ్మమ్మ కూడా చెప్పినది గదా" అని ఆ పిల్ల పైకి అనకపోయినా మనసులో అనుకొనక మానదు. అమ్మమ్మ మనుమరాలికి కీడు తలపెట్టి ఆ మాట అనలేదు. ఉపాధ్యాయిని కూడా ఆ పిల్ల మేలు కోరినదే. ఇద్దరూ హితైషులే. ఇద్దరి మాటలూ పరస్పర విరుద్ధములు. దేనిని నమ్మవలెను?

ఇది తరగతి గదిలో పుట్టి అక్కడనే ముగిసిపోయే చిన్న తగవు కాదు. 2019-21 సంవత్సరాలలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం మన దేశంలో 15 నుండి 19 ఏండ్ల లోపు బాలికలలో నూటికి 59.1 మందికి రక్తహీనత ఉన్నది. అదే వయసు బాలురలో నూటికి 31.1 మందికి ఉన్నది. కనుక అది ఆడపిల్లల మందు అన్న కుర్రవాని మాట చెల్లదు. గర్భిణులలో నూటికి 52.2 మందికి, ఆరు నెలలు నిండి అయిదేండ్లు నిండని పసివారిలో నూటికి 67.1 మందికి ఆ లోపం ఉన్నది. రక్తం పలుచనైన పిల్లవానికి పాఠంమీద మనసు నిలువదు, పరుగెత్తితే ఆయాసం. రక్తం పలుచనైన తల్లికి కాన్పు సమయంలో రక్తస్రావమైతే ప్రాణాపాయం. ఒక మాటను నమ్మడం, నమ్మకపోవడం అనేదాని వెనుక ఇంత బరువున్నది.

మాటను నమ్మడం గురించి మన పూర్వులు చాలా దూరం ఆలోచించినారు. జ్ఞానం కలగడానికి ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలున్నవని నైయాయికులు చెప్పినారు. వైద్యశాస్త్రకారుడైన చరకుడు ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం, యుక్తి అని నాలుగు పరీక్షలు చెప్పినాడు. రెండింటిలోను ఆప్తుని మాటకు స్థానమున్నది. ఎవరూ సమస్తమూ స్వయంగా చూసి తెలుసుకొనలేరు. తెలిసినవారి మాటమీద ఆధారపడక తప్పదు. అయితే ఆ ఆప్తు డెవరు? శాస్త్రంలో ఆప్తుడంటే వస్తువును ఉన్నది ఉన్నట్లు తెలుసుకొని, తెలుసుకొన్నది తెలుసుకొన్నట్లు చెప్పేవాడు. తెలుగు వాడుకలోకి వచ్చేసరికి ఆ మాట అర్థం మారిపోయినది. మనకు ఆప్తుడంటే దగ్గరివాడు, కష్టసుఖాలలో తోడుండేవాడు. పదం ఒకటే కావడంచేత, దగ్గరివాడు చెప్పినదే నిజమనే భ్రాంతి కూడా తెలియకుండానే మనలో చేరినది. ప్రేమకు ఆప్తుడు వేరు, ప్రమాణానికి ఆప్తుడు వేరు. ఒక్కొక్కప్పుడు ఇద్దరూ ఒకరే కావచ్చును. కాని ఎప్పుడూ ఒకరే అనుకొంటే చిక్కు వస్తుంది.

తల్లుల గురించి, పిల్లల గురించి, యౌవనంలో అడుగిడుతున్న బాలబాలికల గురించి చెప్పే ఆరోగ్యవాక్యం ఎప్పుడు ప్రమాణమవుతుంది? ఆ నీలి మాత్రలోని ఫోలిక్ ఆమ్లం చరిత్రే దీనికి చక్కని సమాధానం చెబుతుంది. ఆ చరిత్ర మన దేశంలోనే మొదలైనది.

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చినది. అక్కడి బట్టల మిల్లులలో పనిచేసే పేద స్త్రీలకు గర్భం ధరించిన తరువాత ఒక విధమైన తీవ్ర రక్తహీనత కలుగుతుండేది. రక్తంలోని ఎర్రకణాలు సంఖ్యలో తగ్గి, పరిమాణంలో పెద్దవై కనబడేవి. ఎందరో తల్లులు దానివల్ల మరణించేవారు. అది ఏదైనా సూక్ష్మజీవివల్ల వచ్చినదేమో అని ఆమె మొదట పరీక్షించినది. ఆ ఊహ నిలువలేదు. తన ఊహను తానే త్రోసిపుచ్చి, ఆ స్త్రీలు ఏమి తింటున్నారో చూడసాగినది. 1929లో కొన్ని నెలలు కూనూరులో, 1931లో మద్రాసులోని గోషా ఆసుపత్రిలో కూడా ఆమె పరిశోధన సాగినది. ఎలుకలకు, కోతులకు ఆ స్త్రీల ఆహారం వంటి లోటు ఆహారం పెట్టి చూసినది. చివరకు, ఆంగ్లేయులు రొట్టెకు పూసుకొని తినే మార్మైట్ అనే ఈస్టు సారం ఇస్తే ఆ జబ్బు కుదురుతున్నదని కనుగొని, 1931లో ప్రకటించినది. ఆ సారంలో ఏ పదార్థం గుణమిస్తున్నదో ఆమెకు తెలియదు. తెలియనిదానికి పేరు పెట్టి తెలిసినట్లు చెప్పలేదు. లోకమే దానిని "విల్స్ ఫాక్టర్" అని పిలిచినది.

ఆ పదార్థాన్ని తరువాత అనేకులు వెదకినారు. 1941లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో నాలుగు టన్నుల పాలకూరనుండి స్వల్ప పరిమాణంలో దానిని రాబట్టి, ఆకు అనే అర్థం గల లాటిన్ పదంనుండి ఫోలిక్ ఆమ్లం అని నామకరణం చేసినారు. టన్నుల కొద్దీ ఆకు నలిపితే చిటికెడు వచ్చే మందు గర్భిణుల కందరికీ అందేదెట్లు? దానిని ప్రయోగశాలలో తయారుచేయగలిగితేనే సాధ్యం. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో ఆ పని సాధించిన బృందానికి నాయకుడు భీమవరంలో 1895 జనవరి 12న జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరుని మరణానికి కారణమైన స్ప్రూ అనే గ్రహణి వ్యాధి యౌవనంలో ఆయననూ పీడించినది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్స ఆయనను బ్రతికించినది. ఆ వ్యాధి చికిత్సలోనే ఫోలిక్ ఆమ్లం తరువాత ఉపయోగపడడం విశేషం. సుబ్బారావు 1948 ఆగస్టులో మరణించినాడు. తెలుగు పిల్లవాడు నేడు నీలి మాత్ర మింగినప్పుడు అందులోని సగం కథ తన నేలదే.

ఇక్కడ కథ ముగిసి ఉంటే అది విజయగాథగా మాత్రమే మిగిలేది. కాని మంచి మందు దొరకగానే మంచి జ్ఞానం దొరికినట్లు కాదు. పెద్ద కణాల రక్తహీనతకు మరొక కారణం కూడా కలదు. అది బి-12 అనే వేరొక విటమిను లోపం. ఆ విటమిను విడిగా దొరికినది 1948లో. అంతకు ముందు, ఆ లోపం గల రోగులకు కూడా వైద్యులు ఫోలిక్ ఆమ్లం ఇచ్చి చూసినారు. రక్తం చక్కబడినది. అందరూ సంతోషించినారు. కాని కొందరిలో నరాల జబ్బు లోలోపల ముదిరి కాళ్లకు, చేతులకు చేటు తెచ్చినది. కంటికి కనబడిన మేలు కనబడని కీడును కప్పివేసినది. అది మందు లోపం కాదు. ఎవరికి, ఎందుకు, ఎంత అన్న మూడు ప్రశ్నలు తేలకముందే వాడడంలోని లోపం. "మా వాడికి దానివల్ల నయమైనది" అన్న మాట ఎంత నిజమైనా, అదొక్కటే ప్రమాణానికి చాలదని ఆనాడు వైద్యలోకానికి తెలిసివచ్చినది.

తరువాతి ఘట్టం ఇంకా విలువైనది. గర్భస్థ శిశువు వెన్నుపాము, మెదడు మొదట ఒక గొట్టంవలె ఏర్పడుతవి. ఆ గొట్టం సరిగా మూసుకొనకపోతే శిశువు తలలోనో, వెన్నులోనో తీవ్రమైన లోపంతో పుడుతుంది. ఇంగ్లండులో హిబ్బర్డ్, స్మిథెల్స్ అనే వైద్యులు 1965లో దీనికి ఫోలిక్ ఆమ్లం లోపంతో సంబంధమున్నదేమో అని సూచించినారు. అది సూచన మాత్రమే. 1980లో స్మిథెల్స్ బృందం మరొక అడుగు వేసినది. అంతకు ముందు అటువంటి బిడ్డను కన్న తల్లులు కొందరు మళ్లీ గర్భం ధరించకముందునుండే విటమినులు తీసుకొన్నారు. వారికి కలిగిన 178 మంది శిశువులలో ఒక్కరికే ఆ లోపం వచ్చినది. తీసుకొనని తల్లుల 260 మంది శిశువులలో 13 మందికి వచ్చినది.

ఈ లెక్క చూసిన సామాన్యుడు, ఇక సందేహమెందుకు, అందరికీ ఇచ్చివేయరాదా అంటాడు. కాని శాస్త్రజ్ఞులు కొందరు ఆగుమన్నారు. ముందుగానే జాగ్రత్తపడి విటమినులు తీసుకొన్న తల్లులు మిగిలినవారికంటె మంచి ఆహారం తినేవారేమో. ఆరోగ్యంలోనూ, సంపదలోనూ మెరుగైనవారేమో. అట్లైతే ఫలితం విటమినులదా, వారి జీవనవిధానానిదా? ఒక తరగతిలో ప్రైవేటు చదువుకు పోయిన పిల్లలకు మార్కులు ఎక్కువ వచ్చినవనుకొందము. అది ప్రైవేటు గొప్పయా, మొదటినుండీ శ్రద్ధగల పిల్లలే ప్రైవేటుకు పోయినారా? ఈ చిక్కు విప్పడానికి మార్గం ఒకటే: ఎవరు పోవలెనో వారి ఇష్టానికి విడువక చీటీలు వేసి నిర్ణయించడం. చీటీకి శ్రద్ధ తెలియదు, సంపద తెలియదు. కనుక రెండు వర్గాలూ అన్ని విషయాలలోను ఇంచుమించు సమానంగా ఉంటవి.

1983లో బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి ఆ మార్గమే త్రొక్కినది. నికొలస్ వాల్డ్ నాయకత్వాన ఏడు దేశాలలోని 33 కేంద్రాలలో 1817 మంది స్త్రీలు పాల్గొన్నారు. అందరూ అంతకు ముందు అటువంటి శిశువును కన్నవారే. వారిని చీటీ పద్ధతిపై నాలుగు వర్గాలు చేసినారు: ఒక వర్గానికి ఫోలిక్ ఆమ్లం, ఒకదానికి ఇతర విటమినులు, ఒకదానికి రెండూ, ఒకదానికి ఏదీ లేదు. ఎవరి మాత్రలో ఏమున్నదో తల్లికీ తెలియదు, వైద్యునికీ తెలియదు. మేలు చేయగల మందును కొందరికి ఇవ్వకపోవడం న్యాయమా అని ఆనాడు గట్టి వాదోపవాదాలు జరిగినవి. ఆ ప్రశ్న సమంజసమే. కాని పరీక్షించకుండా ఇచ్చి ఉంటే, తరతరాల తల్లులు ఏది పనిచేస్తున్నదో తెలియక అన్నీ మింగుతూనే ఉండేవారు.

1991లో ఫలితం వెలువడినది. ఫలితం తెలిసిన 1195 గర్భాలలో 27 మంది శిశువులకు ఆ లోపం వచ్చినది. ఫోలిక్ ఆమ్లం తీసుకొన్న రెండు వర్గాలలో ఆరుగురికి, తీసుకొనని రెండు వర్గాలలో 21 మందికి. అనగా నూటికి 72 వంతుల రక్షణ. ఇతర విటమినులవల్ల అటువంటి రక్షణ కనబడలేదు. ఫలితం స్పష్టం కాగానే పరీక్షను ఆపివేసి, లోకానికి ప్రకటించినారు. ఆ గొట్టం గర్భం కలిగిన 28 రోజులలోపలనే మూసుకొంటుంది. అప్పటికి తాను గర్భవతినని తల్లికే తెలియకపోవచ్చును. అందువల్లనే బిడ్డను కోరే స్త్రీ గర్భానికి ముందునుండే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకొనవలెనని నేడు వైద్యులు చెబుతున్నారు. పూర్వం అటువంటి బిడ్డ కలిగిన తల్లికి ఎక్కువ మోతాదు అవసరం. దానిని వైద్యుడే నిర్ణయించవలెను. వారానికొకసారి బడిలో ఇచ్చే మాత్ర ఉద్దేశం వేరు. అది రక్తహీనతను అరికట్టడానికి. ఈ రెంటినీ కలిపివేయరాదు.

విల్స్ పరిశీలననుండి ఈ పరీక్ష ఫలితం వరకు అరువది ఏండ్లు పట్టినది. ఇంత ఓపిక అవసరమా అని అడిగేవారికి ఓపిక లేకపోవడంవల్ల కలిగిన నష్టం చూపడం మేలు. అమెరికా దేశపు శిశువైద్యుడు బెంజమిన్ స్పాక్ వ్రాసిన శిశుపోషణ గ్రంథం 1946లో వెలువడి లక్షలాది ఇండ్లలో ఆప్తగ్రంథమైనది. పసిపిల్లలను బోర్లా పడుకోబెట్టడం మంచిదని 1958 నాటి ముద్రణలో ఆయన సలహా ఇచ్చినాడు. వెల్లకిలా పడుకొన్న బిడ్డ వాంతి చేసుకొంటే ఊపిరాడదేమో అన్నది ఆయన తర్కం. వినడానికి ఎంతో సబబుగా ఉన్నది. చెప్పినవాడు విద్వాంసుడు, పిల్లలను ప్రేమించినవాడు, స్వలాభం కోరనివాడు. కాని ఆ మాటను ఎవరూ పరీక్షించలేదు. బోర్లా పడుకొన్న శిశువులు నిద్రలోనే అకస్మాత్తుగా మరణించడం ఎక్కువని తరువాత తేలినది. ఆ సంగతి తెలుసుకొనడానికి చాలినన్ని ఆధారాలు 1970 నాటికే ఉన్నవనీ, వాటిని ఒకచోట చేర్చి చూసి ఉంటే బ్రిటన్‌లో పదివేలకు పైగా, ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియా ప్రాంతాలలో కనీసం 50,000 మంది శిశుమరణాలు తప్పి ఉండేవనీ 2005లో ప్రకటితమైన ఒక పరిశీలన చెప్పినది. తర్కం ఉన్నది, పాండిత్యమున్నది, ప్రేమ ఉన్నది. లేనిది పరీక్ష ఒక్కటే. ఆ ఒక్కటి లేకపోవడం ఇంత పని చేసినది.

ఇప్పుడు మళ్లీ మన తరగతి గదికి రావచ్చును. పెద్దల మాట చద్దిమూట అన్నారు. నిజమే, కాని చద్దిమూటనైనా విప్పి, చెడిపోలేదని చూసుకొని తింటారు గాని కన్ను మూసుకొని తినరు. అమ్మమ్మ వంటింట్లో ఆకుకూరలు తరచు వండి పిల్లలకు పెట్టవలెనన్న మాట ఉన్నది. ఆకునుండి పేరు పొందిన ఫోలిక్ ఆమ్లం ఆ మాటను సమర్థించినది. అదే వంటింట్లో, పుట్టిన బిడ్డకు ముర్రుపాలు పట్టరాదన్న మాట కూడా పూర్వం ఉన్నది. పరీక్షలో అది నిలువలేదు. రోగాలనుండి బిడ్డను కాచే గుణం ఆ పాలలో సమృద్ధిగా ఉన్నదని తేలినది. అమ్మమ్మ ఒక్కతే, ప్రేమ ఒక్కటే. మాటలు మాత్రం ఒకటి నిలిచినది, ఒకటి నిలువలేదు. కనుక చూడవలసినది చెప్పినవారిని కాదు, చెప్పిన మాట ఎట్లా తెలిసినదన్న సంగతి.

ఆ మాత్ర మింగితే పిల్లలు పుట్టరన్న భయానికి సమాధానం మాత్రల వరుసలోనే ఉన్నది. ఇనుము, ఫోలిక్ ఆమ్లం గల ఎర్రమాత్రలనే గర్భిణులకు నాలుగవ నెలనుండి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పు తరువాత మరి 180 రోజులు మన దేశంలో ఇస్తున్నారు. గర్భాన్ని కాపాడడానికి ఇచ్చేది గర్భం రాకుండా చేస్తుందా? మలం నల్లబడడం, శరీరం గ్రహించగా మిగిలిన ఇనుము బయటికి పోవడమే. అది హాని కాదు. కడుపులో త్రిప్పినట్లుండడం కొందరికి కలుగుతుంది; అందుకే భోజనం తరువాత ఇస్తారు. మాత్రతో పాటు టీ, కాఫీలు త్రాగితే ఇనుము ఒంటపట్టడం తగ్గుతుంది. నిమ్మ, జామ, ఉసిరి దానికి తోడ్పడుతవి. ఇదివరకే దీర్ఘవ్యాధితో బాధపడే పిల్లల విషయంలో వైద్యుని అడిగి ఇవ్వవలెను. ఇంతవరకు చెప్పి, అమ్మమ్మను కూడా ఒకనాడు బడికి పిలిచి, గౌరవంగా కూర్చుండబెట్టి చెబితే, ఆమె వినదని ఎందుకనుకొనవలెను?

నేడు అమ్మమ్మకంటె వేగంగా మాట్లాడే ఆప్తులు బయలుదేరినారు. సెల్‌ఫోనులో తెల్లవారకముందే పది సలహాలు వచ్చి పడుతవి. వాటిలో నిజమూ ఉంటుంది, అబద్ధమూ ఉంటుంది. రెండూ ఒకే రంగు చొక్కా తొడుగుకొని వస్తవి. అప్పుడు విద్యార్థి అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. ఈ మాట చెప్పినవారి పేరు, వారి సంస్థ పేరు ఉన్నవా? వారికి ఇది ఎట్లా తెలిసినది? ఒక్కరి అనుభవమా, అనేకులపై జరిగిన పరీక్షయా? పుచ్చుకొన్నవారిని పుచ్చుకొననివారితో పోల్చి చూసినారా? ఎప్పటి మాట ఇది? ఇది నమ్మితే ఎవరి సరుకు అమ్ముడుపోతుంది? కీడు కూడా చెప్పినారా, మేలు మాత్రమే చెప్పినారా? వీటికి సమాధానం లేని సలహాను ఎంత దగ్గరివారు పంపినా మరొకరికి పంపకుండా ఆపడం మంచిది.

అడగదగిన చోట్లు దూరాన లేవు. గర్భిణి చేతికి ఇచ్చే మాతాశిశు సంరక్షణ కార్డు ప్రతి ఇంటిలోనూ చదువదగిన పుస్తకం. బడికి వెళ్లే పిల్ల తన తల్లికి దానిని చదివి వినిపించవచ్చును. ఆశా కార్యకర్త, ఎ.ఎన్.ఎం., ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడు ఊరికి అందుబాటులో ఉన్నవారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ భారతీయుల ఆహారం గురించిన మార్గదర్శక సూత్రాలను 2024లో సవరించి ప్రకటించినది. ఆ సంస్థ 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధనాకేంద్రంగా పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలి వచ్చినది. లూసీ విల్స్ 1929లో కొన్ని నెలలు పనిచేసిన కూనూరు అదే. ఒకే విషయంపై జరిగిన పరీక్షలన్నింటినీ ప్రోగుచేసి తూచి చూసే కోక్రేన్ అనే సంస్థ 1993లో ఏర్పడినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సూత్రాలకు అటువంటి సమీక్షలను ఆధారం చేసుకొంటున్నది. ఇవి కూడా తప్పు చేయనివి కావు. కాని తప్పు తెలిసిననాడు దిద్దుకొని, దిద్దుకొన్నామని చెప్పే అలవాటు వీటికి ఉన్నది. ప్రమాణమైన మాటకు అది ముఖ్యలక్షణం.

మాత్ర చేతిలో పెట్టుకొని నిలుచున్న ఆ బాలిక, "అది మీకెట్లా తెలుసునండీ?" అని ఏనాడైనా తన ఉపాధ్యాయినిని అడిగితే, ఆమె నొచ్చుకొనరాదు. విల్స్ తన ఊహనూ, శాస్త్రజ్ఞులు స్మిథెల్స్ లెక్కనూ అడిగిన ప్రశ్న అదే. కూర్చుండబెట్టి, తెలిసినంతవరకు చెప్పి, తెలియనిదానికి తెలియదని చెప్పి, తెలుసుకొని రేపు చెబుతానంటే చాలును. ఆ రేపు వచ్చి చెప్పిననాడు ఆ ఉపాధ్యాయిని ఆ పిల్లకు రెండు అర్థాలలోను ఆప్తురాలవుతుంది.